46 ఏళ్ల ఆవిడకి మీరిచ్చిన జవాబు చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆరోగ్య సలహాల పేజీ చదివాను. ఒకావిడ రాసింది. 46 ఏళ్లట, ఇద్దరు పిల్లలట. నెలసరి ఒకసారి ఇరవై రోజులకే, ఇంకోసారి నెలన్నరకి వస్తోందట. ఊరికే ఏడుపొస్తోంది, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను, తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతూ మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టట్లేదు, నాకేమన్నా పిచ్చి పడుతోందా డాక్టరు గారూ అని అడిగింది. దానికి మీ పేజీలో వచ్చిన జవాబు ఇదీ: ఈ వయసులో ఇది మామూలే, యోగా చేయండి, పాలు తాగండి, మంచి ఆలోచనలు పెట్టుకోండి. ఆఖర్న మాత్రం నల్లటి అక్షరాల్లో ఒక హెచ్చరిక, హార్మోన్ మందుల జోలికి వెళ్లొద్దు, వాటితో క్యాన్సర్ వస్తుంది అని.

నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. ఆ జోలికి వెళ్లొద్దన్న మందులే నేనిప్పుడు వాడుతున్నాను, అదీ ప్రధానంగా మనసు బాగుండకపోవడం వల్లే. వాడమని ఎవరికీ చెప్పడానికి కాదు ఈ ఉత్తరం, అడగడానికి కూడా వీల్లేనట్టు ఆ ఒక్క వాక్యంతో తలుపు మూసేశారే, దాని గురించి.

ముట్లుడిగే ముందు వచ్చే ఈ దశ గురించి అందరికీ తెలిసింది ఒంట్లోంచి ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం. నాకు అవేవీ ముందు రాలేదు. ముందొచ్చింది కోపం. పదో తరగతి చదివే మా వాడు గదిలో ఫ్యాను ఆపకుండా బయటికొచ్చాడని, వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత అరిచాను. అరుస్తున్నప్పుడే లోపల తెలుస్తూనే ఉంటుంది, ఫ్యానుకి ఇంత అక్కర్లేదని, అయినా ఆగదు, నోట్లోంచి వచ్చేది ఇంకెవరి గొంతో అన్నట్టుంటుంది. ఆ తర్వాత గంటసేపు ఏడుపు. ఇంకో రోజు పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్ల త్రికోణమితి లెక్క సగం దాకా సరిగ్గా చేసి వదిలేసింది, దానికి కూడా కళ్లనీళ్లు వచ్చాయి. ఇరవై ఏళ్లకి పైగా పేపర్లు దిద్దుతున్నదాన్ని, సగంలో వదిలేసిన లెక్కలకి ఏడిస్తే ఎలాగండీ. వారం తిరిగేసరికి ఏమీ లేనట్టు మామూలైపోయేదాన్ని. మళ్లీ ఇంకో పదిరోజులకి మొదలు. ఈ రావడం పోవడం వల్లే ఇది జబ్బని ఎవరికీ అనిపించదు, మనకే అనిపించదు.

మా అత్తయ్యగారు, మేమూ దాటొచ్చినవాళ్లమేనమ్మా, మాకివన్నీ ఎక్కడ తెలుసు అంటారు. తర్వాత మా ఆడపడుచు చెప్పింది నవ్వుతూ, ఆ వయసులో అత్తయ్య రెండేళ్లపాటు వంటింట్లో గిన్నెలు విసిరేదట, ఇంట్లోవాళ్లు అమ్మవారు పూనిందనుకుని మొక్కులు కూడా మొక్కారట. అంటే ఆవిడా పడింది, పేరు లేకుండా పడింది, అంతే.

మొదట చూపించుకున్న ఫిజీషియన్ బీపీ చూసి, టెన్షన్ తగ్గించుకోండి మేడమ్, పరీక్షల సీజన్ కదా అని నిద్రమాత్ర రాశారు. వేసుకుంటే నిద్ర పట్టేది, కానీ పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో బోర్డు ముందు నిలబడితే చాక్‌పీస్ చేతిలో ఉండేది, చెప్పబోయేది గుర్తుండేది కాదు. పగటి ఏడుపు అలాగే ఉంది. తర్వాత ఒక నర్సింగ్ హోంకి వెళ్తే స్కాన్ తీశారు, గర్భసంచిలో చిన్న గడ్డేదో ఉందన్నారు, అది ఏ ఇబ్బందీ పెట్టని సైజే. అక్కడి మేడమ్ కంప్యూటర్ వైపే చూస్తూ, 'పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందిగా అమ్మా, ఇంక గర్భసంచితో పనేముంది, తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది' అంది. నేను వెళ్లింది ఏడుపొస్తోందని, అరుస్తున్నానని. దానికి ఆపరేషనట!

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది నా ఒక్కదాని కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత, 2015-16 నాటిది, ఎవరైనా తీసి చూడొచ్చు. 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది, అన్ని రాష్ట్రాలూ కేంద్రం మార్గదర్శకాలు అమలు చేయాలని. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే, కాదనను. కానీ మనసుని ఇలా ఊపే హార్మోన్లు తయారయ్యేది అండాశయాల్లో. సంచి తీసినంత మాత్రాన మనసు కుదుటపడదు, సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు మెల్లగా కాదు, ఒక్క రోజులో పడిపోతాయి, అప్పుడు పడే బాధ ఇంకా ఎక్కువ. అండాశయాలు ఉంచినా అవి మామూలు కంటే ముందే పనిచేయడం మానేసే అవకాశం ఉంది. ఆపరేషన్ చేయించుకున్న మన పక్కింటి వదినకీ, పొలం పనికెళ్లే ఆవిడకీ ఈ మాట చెప్పినవాళ్లు ఎంతమంది? మా స్టాఫ్‌రూంలోనే ముప్ఫై ఎనిమిదేళ్లకి తీయించుకున్న ఒకావిడ ఉంది, అప్పట్నుంచీ ఆవిడకి 'నోటి దురుసు' అని పేరు పడిపోయింది.

నాకు దిక్కు చూపింది గుంటూరులో ఒక పెద్ద వయసు గైనకాలజిస్టు. ఆవిడ స్కాన్ అడక్కముందే వేసిన ప్రశ్న, 'కాన్పయ్యాక అప్పట్లో ఊరికే ఏడుపొచ్చేదా? నెలసరికి ముందు వారం రోజులు ఎలా ఉండేది?' అని. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. రెండోవాడు పుట్టినప్పుడు నెలలపాటు గోడకేసి చూస్తూ కూర్చున్నాను, బాలింత గుణం అన్నారు అందరూ. అలాంటివాళ్లకే, అంటే కాన్పు తర్వాతో నెలసరికి ముందో మనసు బాగుండనివాళ్లకే ఈ వయసులో మళ్లీ ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువని ఆవిడ చెప్పారు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను ఈ వయసులో మెట్లు దిగినట్టు వరసగా తగ్గదట, ఒక వారం విపరీతంగా పెరిగి, ఇంకో వారం అడుగుకి పడిపోతుందట. మెదడులో మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే రసాయనం పనితీరుకీ దానికీ లంకె ఉంది కాబట్టి కొందరి మెదడు ఆ ఊపుని తట్టుకోలేదు. అందుకే ముట్లు పూర్తిగా ఆగిపోయాక చాలామంది మళ్లీ స్థిమితపడతారు, గడ్డుకాలం ఎక్కువగా ఆ ముందు నాలుగైదేళ్లే.

ఇంకో సంగతి. నేను హార్మోన్ల టెస్టు చేయించుకుని వెళ్లాను, రెండువేల చిల్లర అయింది. ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టేశారు. 45 దాటినవాళ్లలో లక్షణాలనీ నెలసరి తేదీలనీ బట్టే తేల్చుకోవచ్చు, రక్తంలో హార్మోను ఈ వారం ఒకలా వచ్చేవారం ఇంకోలా ఉంటుంది, దాన్ని నమ్ముకోలేం అన్నారు. దానికి బదులు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూశారు, ఎందుకంటే నీరసం, గుండెదడ, దిగులు వాటివల్ల కూడా వస్తాయి, మన ఆడవాళ్లలో రక్తం తక్కువ లేనిదెవరికి. బీపీ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), మా అమ్మ వైపూ నాన్న వైపూ ఎవరికన్నా రొమ్ము క్యాన్సర్ ఉందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, అన్నీ అడిగి రాసుకున్నారు. ఒక నోట్‌బుక్‌లో తేదీలు వేసుకుని నిద్ర, కోపం, ఏడుపు, నెలసరి రాసుకు రమ్మన్నారు. ఆ తర్వాతే మందు.

ఇక మీ నల్లక్షరాల హెచ్చరిక దగ్గరికి వస్తాను. అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది.

2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. ముట్లుడిగిన 16,608 మంది ఆడవాళ్లు అందులో ఉన్నారు. హార్మోన్లు వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని ప్రపంచమంతా హెడ్డింగులు పెట్టారు. ఆ దెబ్బకి చాలా దేశాల్లో డాక్టర్లు రాయడం మానేశారు, ఆడవాళ్లు వాడడం మానేశారు. ఇప్పుడు లెక్కల టీచరుగా చెప్తున్నాను, ఆ 26 శాతం అబద్ధం కాదు. కానీ దేని మీద 26 శాతం? పోల్చి చూడడానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పదివేల మందిలో ఏడాదికి 30 మందికి క్యాన్సర్ వచ్చింది, మందు వేసుకున్న పదివేల మందిలో 38 మందికి వచ్చింది. తేడా పదివేలకి ఎనిమిది. మా తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా నేను మొదట నేర్పేది ఇదే, శాతం చెప్తే మూలం అడగండ్రా అని. మూలం చెప్పకుండా 26 అంటే నూటికి 26 మందికి క్యాన్సర్ వస్తుందనే అనుకుంటారు, అందరూ అలాగే అనుకున్నారు. అదే పరిశోధనలో తుంటి ఎముక విరగడం, పెద్దపేగు క్యాన్సర్ తగ్గాయి, పక్షవాతం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం పెరిగాయి, ఇవీ ఏడాదికి పదివేల మందిలో ఐదు నుంచి ఎనిమిది మంది లెక్కల్లోనే.

పైగా ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. ముట్లుడిగి పదేళ్లు దాటినవాళ్లే ఎక్కువ. వాళ్లకిచ్చింది చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, దానితో కలిపి మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే కృత్రిమ హార్మోను, రెండూ నోట్లో వేసుకునే మాత్రగా. 46 ఏళ్లకి, ఇంకా నెలసరి వస్తూ ఉన్న ఆవిడకి, చర్మానికి రాసుకునే జెల్‌కి ఆ లెక్కని ఉన్నదున్నట్టు అంటించడం ఏం న్యాయం? అదే పరిశోధనలో ఇంకో భాగంగా గర్భసంచి తీసేసిన 10,739 మందిలో కొందరికి ఈస్ట్రోజన్ ఒక్కటే, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు, ఈస్ట్రోజన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తర్వాతి ఏళ్లలో చూస్తే తగ్గింది కూడా. 2025 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద ఇరవై ఏళ్లకి పైగా నల్లటి గడి కట్టి వేస్తున్న హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నామని ప్రకటించింది. గర్భసంచి ఉండి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే సంచి క్యాన్సర్ ముప్పు ఉందన్న హెచ్చరిక మాత్రం ఉంచారు, అది సరైన హెచ్చరికే. వాళ్లు ఆ గడిలోంచి తీసేసిన మాటనే మీరిప్పుడు నల్లక్షరాల్లో వేశారు.

అలాగని ముప్పే లేదని నేననను. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చాలా దేశాల సమాచారం కలిపి ఒక విశ్లేషణ వచ్చింది. 50 ఏళ్ల వయసులో మొదలుపెట్టి ఐదేళ్లపాటు ఈస్ట్రోజన్‌తో పాటు రోజూ ప్రొజెస్టిరోన్ లాంటి రెండో హార్మోను కూడా వాడితే, తర్వాతి ఇరవై ఏళ్లలో వందమందిలో 6.3 మందికి రావాల్సిన రొమ్ము క్యాన్సర్ 8.3 మందికి వస్తుందని అందులో తేలింది. అంటే యాభై మందిలో ఒకరు అదనం. అది పాశ్చాత్య దేశాల లెక్క, మన దగ్గర రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు వాళ్లకంటే తక్కువ, అయితే మనం ఆలస్యంగా కనిపెడతాం. యాభైలో ఒకటి చిన్న సంఖ్య కాదు, ఒప్పుకుంటాను. మామోగ్రామ్ చేయించుకుంటూ, ఏడాదికోసారి అవసరమా కాదా అని మళ్లీ చూసుకుంటూ వాడాల్సిన మందు ఇది. కానీ ఈ అంకె నా ముందు పెడితే నిర్ణయం నేను తీసుకోగలను. అంకె దాచి 'క్యాన్సర్' అన్న మాట ఒక్కటే పెడితే భయపడడం తప్ప నేనేం చేయగలను?

మా ఆయన కూడా మొదట్లో ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూపించి, ఇదేంటి క్యాన్సరొస్తుందంటున్నారు అన్నారు. కరెంటు బిల్లు వెనకాల 30, 38, పదివేలు రాసి చూపించాను. కాసేపు చూసి, మరి నిద్రమాత్రకి ఇలాంటి లెక్క ఎవరూ చెప్పలేదేం అన్నారు. ఆయన అన్న మంచి మాటల్లో అదొకటి.

మరి మనసుకి ఇది పనిచేస్తుందనడానికి ఆధారముందా అంటే, ఉంది, అన్ని సందర్భాలకీ కాదు. 2001లో ముట్లుడిగే దశలో ఉండి డిప్రెషన్ వచ్చిన 50 మంది ఆడవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. చర్మానికి అతికించుకునే ఈస్ట్రాడియోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) పట్టీలు పన్నెండు వారాలు వాడితే 68 శాతం మందికి నయమైంది, ఉత్తుత్తి పట్టీ పెట్టుకున్నవాళ్లలో 20 శాతం మందికి. 2018లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంకో పరీక్షలో, 172 మంది, అప్పటికి దిగులు లేనివాళ్లే, కొందరు హార్మోను, కొందరు ఉత్తుత్తి మందు ఏడాదిపాటు వాడారు. హార్మోను వాడినవాళ్లలో 17 శాతం మందికి, వాడనివాళ్లలో 32 శాతం మందికి దిగులు లక్షణాలు కనిపించాయి. ఎవరికి ఎక్కువ ఉపయోగపడిందంటే, ఈ దశ తొలిరోజుల్లో ఉన్నవాళ్లకి, ఆ మధ్యే జీవితంలో ఏదో పెద్ద కష్టం పడినవాళ్లకి. ముట్లు పూర్తిగా ఆగి ఏళ్లు గడిచినవాళ్ల డిప్రెషన్‌కి మాత్రం ఈస్ట్రోజన్ ఇచ్చి చూస్తే గుణం కనిపించలేదు. అంటే సమయం ముఖ్యం. 46 ఏళ్ల ఆవిడ అడిగింది సరైన సమయంలోనే. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా, మిగతా లక్షణాలతో పాటు మొదలైన తేలికపాటి దిగులుకి హార్మోన్లని పరిశీలించమంటాయి, దానితో పాటు సీబీటీ అనే మాటల చికిత్సని కూడా చెప్తాయి. మన దగ్గర దాన్ని కౌన్సెలింగ్ అనేస్తాం, పిచ్చాసుపత్రికి వెళ్లినట్టు సిగ్గుపడతాం.

తీవ్రమైన డిప్రెషన్ సంగతి వేరు. అన్నం మానేసి, మంచం దిగక, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే గైనకాలజిస్టు చుట్టూ తిరగడం కాదు, ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి, దాని మందులు దానివే, అవసరమైతే రెండూ కలిపి వాడతారు. టెలీ మానస్ అని మనసు బాగుండనివాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416 నంబరుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ జవాబులో ఆ నంబరైనా వేసి ఉండాల్సింది. తెల్లవారుజామున మూడింటికి ఒక్కతే మేలుకుని కూర్చునే మనిషికి పాలు తాగమని చెప్పి వదిలేస్తారా?

నేను వాడేది ఏంటో చెప్తాను, ఇలా ఉంటుందని తెలియడం కోసం. పొద్దున స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక ఈస్ట్రాడియోల్ జెల్ కొలత ప్రకారం మోచేతికి పై భాగాన రాసుకుంటాను. శానిటైజర్‌లా చల్లగా ఉంటుంది, కాసేపట్లో ఆరిపోతుంది. ఆరేదాకా జాకెట్ వేసుకోకూడదు, రాసిన చోట పౌడరు, క్రీము రాయకూడదు, చేతులు కడుక్కోవాలి, చంటిపిల్లల ఒంటికి అది తగలనివ్వకూడదు. స్కూలు బస్సు వచ్చే టైముకి ఇదంతా కొంచెం చిరాకే. రాత్రి పడుకునే ముందు ప్రొజెస్టిరోన్ గొట్టం మాత్ర, గర్భసంచి ఉన్నవాళ్లకి అది తప్పనిసరి, లేకపోతే సంచి లోపలి పొర పెరిగిపోతుంది. అది కాస్త మత్తుగా ఉంటుంది కాబట్టే రాత్రి. నోట్లో మాత్ర కాకుండా చర్మం మీద ఎందుకంటే రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రతోనే ఎక్కువ, మామూలు మోతాదు జెల్‌తో అది పెరిగినట్టు కనిపించలేదు.

మొదట నిద్ర బాగుపడింది. కోపం తగ్గడానికి ఇంకొన్ని వారాలు పట్టింది, అది కూడా ఒకరోజు హఠాత్తుగా కాదు, మా వాడు మళ్లీ ఫ్యాను ఆపకుండా వచ్చాడు, నేను వెళ్లి ఆపి వచ్చాను, అంతే జరిగింది. రొమ్ములు నొప్పిగా ఉండడం, మధ్యలో రక్తపు మరకలు కనిపించడం మొదట్లో ఉండేవి, మోతాదు మార్చారు. లావు తగ్గలేదు, కీళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, మా నాన్న పోయిన దిగులు ఏ జెల్లుకీ పోయేది కాదు. యోగా కూడా చేస్తున్నాను, మీరు చెప్పారని కాదు, నిద్రపట్టిన మనిషికి పొద్దున లేవడానికి ఓపిక ఉంటుంది కాబట్టి.

ఎవరు వాడకూడదో కూడా మీరు వేయాల్సింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, కారణం తేలకుండా రక్తస్రావం అవుతున్నవాళ్లు. వీళ్లకి వేరే దారులున్నాయి, డాక్టరు చెప్తారు. ఇంకొకటి, ఇది గర్భం రాకుండా ఆపే మందు కాదు, నెలసరి ఆగాక యాభై దాటినవాళ్లకి ఏడాది, యాభైలోపు వాళ్లకి రెండేళ్లు నిండేదాకా జాగ్రత్త అవసరమే, ఈ వయసులో ఇంకేమొస్తుందిలే అనుకుంటే కుదరదు. మరీ ముఖ్యం, వదిన వాడుతోంది కదా అని వదిన చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో కొనుక్కోకూడదు. మనవాళ్లకి ఆ అలవాటు ఎక్కువ, అందుకే చెప్తున్నా.

మిమ్మల్ని అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ పేజీలో ఒక ఆదివారం మొత్తం దీనికే ఇవ్వండి, గైనకాలజిస్టునీ సైకియాట్రిస్టునీ ఇద్దర్నీ కూర్చోబెట్టి జవాబులు చెప్పించండి. ముప్పు గురించి రాసేటప్పుడు శాతం ఒక్కటే కాకుండా పదివేలకి ఎంతమందో కూడా వేయండి. ప్రభుత్వం వాళ్లు చదివితే వాళ్లకీ ఒక మాట: ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికీ వచ్చి ముప్ఫై దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తున్నారు, మంచిదే, ఆ ఫారంలో నలభై దాటిన ఆడవాళ్లకి నిద్ర పడుతోందా, మనసెలా ఉంది, నెలసరి ఎలా వస్తోంది అని ఒక్క గడి చేర్చండి. ఆ గడిలో అవునని టిక్కు పడితే ఎక్కడికి పంపాలో కూడా వాళ్లకి నేర్పండి, లేకపోతే మళ్లీ ఆ నర్సింగ్ హోం స్కాన్ గదికే వెళ్తారు.

ఉత్తరం పొడుగైంది, కత్తిరించాలంటే మా అత్తయ్యగారి గిన్నెల సంగతి కత్తిరించండి, అంకెలు మాత్రం కత్తిరించకండి. ఊరు పేరు వేసుకోండి, నా పేరు వద్దు, పదో తరగతి పిల్లలు పేపరు చదువుతారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు, తెనాలి